ఏటవతలి దూడ

కాచరాజుకు కోపమొస్తే గుర్రాలు కూడా గడ్డి ముట్టవని చెప్పుకునేవారు. ఆ కోపంతోనే ఒక పొద్దున చెన్నయోగి ఆశ్రమానికి వచ్చాడు. చిన్నప్పుడు ఆయనకు అక్షరాలు దిద్దించిన గురువు చెన్నయోగి.

తాతల నాటి తగవులో రాజ్యం రెండు ముక్కలైంది. తెల్లేటికి ఇవతల కాచరాజు, అవతల ఆయన పెదతండ్రి కొడుకు. రెండు ఒడ్లదీ ఒకే భాష, ఒకే అమ్మవారు. ఆ రెండో ముక్కను కలుపుకోవాలని కాచరాజు పడవలు సిద్ధం చేయించాడు. సేనాపతి మాచన ఆజ్ఞ కోసం ఆశ్రమం వాకిట్లోనే నిలబడ్డాడు.

"అవతల ఉన్నదీ మనవాళ్ళే స్వామీ. మంచిగా పిలిస్తే రావడం లేదు. రేపు ఏరు దాటుతున్నాను, దీవించండి," అన్నాడు రాజు.

"ఎన్నిసార్లు పిలిచావు నాయనా?"

"ఒకసారి కబురంపాను."

యోగి నవ్వలేదు. "సరే. ముందు ఈ పని కాస్త చూడు," అంటూ పశువుల కొట్టంలోకి తీసుకెళ్ళాడు.

మొన్నటి వరదకు ఆశ్రమం దూడ ఒకటి కొట్టుకుపోయింది. అవతలి ఒడ్డు జాలరులు దాన్ని కాపాడి, ఆ ఉదయమే పడవలో తెచ్చి అప్పగించి వెళ్ళారు. కానీ ఒంటి వాసన మారిపోయిందేమో, తల్లి దాన్ని దగ్గరికి రానివ్వడం లేదు. దూడ డొక్కలు ఎండిపోయాయి.

"దీన్ని తల్లితో కలుపు," అన్నాడు యోగి.

అదెంత పని అనుకున్నాడు రాజు. మాచనను పిలిచి ఆవు కాళ్ళకు బందం వేయించాడు. కొమ్ములు తానే పట్టుకున్నాడు. దూడ ఆత్రంగా పొదుగులో మూతి పెట్టింది. ఎంత కుమ్మినా ఆవు చేపలేదు. చుక్క పాలు దిగలేదు. బందం విప్పీ విప్పగానే ఆవు తన్నిన తన్నుకు దూడ గోడ దగ్గర పడింది.

"ఇంకా గట్టిగా కట్టిస్తాను," అన్నాడు రాజు రొప్పుతూ.

"కట్టించు. రోజూ కొమ్ములు పట్టుకోవడానికి నువ్వే వస్తావా మరి?"

రాజు చెమట తుడుచుకుని పక్కకు జరిగాడు.

యోగి గుప్పెడు కల్లుప్పు నీళ్ళలో కరిగించి దూడ వీపంతా తడిపాడు. దాన్ని ఆవు ముందు వదిలి, దూరంగా వచ్చి కూర్చున్నాడు. ఆవు బుస కొట్టింది. తల తిప్పుకుంది. కాసేపటికి ఉప్పు రుచికి మూతి చాచి ఒకసారి నాకింది. మళ్ళీ తల తిప్పుకుంది. మాచన అసహనంగా కదిలాడు. కాచరాజు చేయెత్తి ఆపాడు. యుద్ధాలు గెలిచిన మనిషి, ఒక ఆవు మనసు మారడం కోసం పేడలో చతికిలబడి కూర్చున్నాడు చూడండి, అక్కడే ఆయన గొప్ప రాజనిపిస్తాడు నాకు.

ఎండ కొట్టంలోకి వచ్చేసరికి ఆవు దూడను మెడ నుంచి తోక దాకా నాకుతోంది. దూడ మెల్లగా పొదుగు కిందికి దూరింది. ఈసారి ఆవు కదల్లేదు. దూడ మూతి పక్కల నుంచి పాల నురగ కారింది.

"ప్రభూ, పడవల సంగతి?" అని మెల్లగా అడిగాడు మాచన.

"ఒడ్డునే ఉండనీ," అన్నాడు రాజు. తర్వాత గురువు వైపు తిరిగాడు. "స్వామీ, మనుషులు ఆవులు కారు కదా. ఎంత మంచిగా చూసుకున్నా వాళ్ళు రాకపోతే?"

చెన్నయోగి ఉప్పుకుండ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు.

"చాలా ఉంది నాయనా. తీసుకెళ్ళు."