కనుపాపలో రాజుగారు

వెనకటికి ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. తన కళ్లలోకి ఎవరూ చూడకూడదని ఆయన శాసనం. సభలో అందరికీ ఆయన పాదరక్షల ముత్యాలు తెలుసు గానీ ముఖం సరిగ్గా తెలియదు.

ఆ కొలువులో మాటల పుట్టుక చెప్పే ముసలావిడ చెన్నాంబ. ఈమధ్య ఆమెను మరుపు పట్టుకుంది. నాలుక చివరిదాకా వచ్చిన మాట జారిపోయేది. ఎవరైనా కనిపెడితే కొలువు పోతుందని లోలోపల ఒకటే దిగులు.

పండితుడు త్రివిక్రమశాస్త్రి కనిపెట్టాడు. రాజు చెవిన వేశాడు.

"చెన్నాంబా! కంటి నడుమ ఉండే నల్లని చుక్కను కనుపాప అంటారెందుకు? చెప్పలేకపోతే రేపటినుంచి కొలువుకు రావద్దు" అన్నాడు రాజు.

ఆమెకు తెలిసిన మాటే! ఎంత వెతుక్కున్నా తలలో ఏమీ తగల్లేదు.

"పాపాలు చేసేది కన్నే ప్రభూ, అందుకని" అంటూ శాస్త్రి ఉత్తరీయం సర్దుకున్నాడు.

చెన్నాంబ కంగారులో వేళ్లు నలుపుకుంటోంది. ఒకప్పుడు బిడ్డకు కాటుక దిద్దిన వేళ్లు. చటుక్కున ఆగింది.

"ప్రభూ, కాటుక భరిణె తెప్పించండి. తమకు దిద్దితే గానీ చెప్పలేను."

సభ నిర్ఘాంతపోయింది. రాజుకు మాత్రం కుతూహలం కలిగి, సరేనన్నాడు.

చెన్నాంబ మెట్లెక్కి రాజుగారి గడ్డం పట్టుకుని, ఒక కంటికి కాటుక దిద్దింది. "కదలకు నాయనా! నా కంట్లోకి చూడు. ఏం కనిపిస్తోంది?"

"ఎవరో బుల్లి మనిషి... కిరీటం... అరె, నేనే!"

"ఎదుటివాళ్ల కంట్లో ఎంతటివాళ్లమైనా పసిపాపంతే కనిపిస్తాం. అందుకే కనుపాప."

"మేమింతేనా?" రాజు ముఖం ఎర్రబడింది.

శాస్త్రి అందుకున్నాడు. "ప్రభూ, ఈమె తమ కళ్లలోకి చూసింది! శాసనమే మరిచింది!"

చెన్నాంబ అతనివైపు తిరిగింది. "శాస్త్రిగారూ, తల దించుకున్న మీకు అది ఎలా కనిపించిందండీ?"

శాస్త్రి తల ఠక్కున వాలింది. వెనకే సభలోని తలలన్నీ వాలాయి.

"చిన్నగా కనిపించారని నొచ్చుకోకండి ప్రభూ. ఆ పాపను కాయడానికేగా దేవుడు రెప్పలిచ్చింది!"

రాజు ఫక్కున నవ్వాడు. తన శాలువా తీసి ఆమెకు కప్పాడు. "బతికినంతకాలం ఈ కొలువు నీదే. ఏదైనా మరిచిపోతే మమ్మల్ని అడుగు."

"అయితే ఇప్పుడే అడుగుతాను నాయనా. భరిణె ఎక్కడ పెట్టాను?"

"నీ చేతిలోనే ఉందమ్మా" అంటూ రాజు రెండో కన్ను చూపించాడు.