రేపు అనకూడని గుడి: గుండ్లకోన నేటేశ్వరస్వామి చరిత్ర

గుండ్లకోనలో బస్సు దిగిన భక్తులకు ముందుగా ఒక మనవి. ఇక్కడ వెలసిన స్వామి నేటేశ్వరుడు. నటేశ్వరుడు కాదు. రోడ్డు మీద బోర్డు రాసిన పెయింటరు ఏత్వం మింగేశాడు. అప్పటి నుండి నాటకాల వారు, డాన్సు స్కూళ్ల వారు, సినిమాలో వేషం కావాలన్న వారు గజ్జెలు కట్టుకుని మరీ వస్తున్నారు. కాదు మహాప్రభో అని చెప్పి చెప్పి మా నోరు నొప్పెడుతోంది. "ఎవరైతేనేం పంతులుగారూ, కొబ్బరికాయ కొట్టండి" అంటారు!

నేడు అన్న తెలుగు మాటకు ఈశ్వరుణ్ణి అతికించడం దుష్టసమాసమని పండితులు మూతి విరుస్తారు. విరవనివ్వండి. ఆ పేరు పెట్టింది పండితులు కాదు, విసిగిపోయిన ఒక ఇల్లాలు.

పూర్వం ఇక్కడ భైరవయ్య అనే ఆయన నేలలో నీళ్ల జాడ చూసేవాడు. నేలకు చెవి ఆనించి 'ఇక్కడ తవ్వండి' అన్నాడంటే నీరు పడవలసిందే. ఆ సీమలో ఆయన చూపిన బావి లేని ఊరు లేదు. సంస్థానం వారు పల్లకి పంపి పిలిపించుకునేవారు. ఇంతటి ఘనుడికీ ఒక జాడ్యం ఉండేది. సొంత ఊరి పని వచ్చేసరికి 'రేపు' అనేవాడు. కోనలో బావులన్నీ ఉప్పుతేలి, పశువులు సైతం మూతి పెట్టని రోజులవి. "మంచినీటి జల ఎక్కడుందో నాకు తెలుసు. నా షష్టిపూర్తి కానివ్వండి, మేళతాళాలతో చూపిస్తాను" అనేవాడు. భార్య చెంచమ్మ "ఊరు గొంతెండి చస్తుంటే నీకు మేళాలేమిటయ్యా?" అని తల బాదుకునేది. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటకు పోయేవాడు.

అరవై నిండనే లేదు. యాభై ఎనిమిదో ఏట, అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. ఊళ్లకు ఊళ్లు కదిలివచ్చి ఘనంగా సాగనంపాయి. జల జాడ మాత్రం ఆయనతోనే పోయింది.

పెద్దకర్మ కాగానే గుండ్లకోన వలసకు బండ్లు కట్టింది. ఆ మధ్యాహ్నం మూటల మధ్య కునుకు తీసిన చెంచమ్మకు భైరవయ్య కలలో కనిపించాడు. జల ఉన్న చోటు చెప్పడానికే వచ్చాడు. వచ్చినవాడు ఒక్క ముక్కలో చెప్పి పోవచ్చు కదా! "మా ముత్తాతగారు ఈ విద్యను..." అని మొదలుపెట్టాడు. ముత్తాత నుండి తాత దాకా వచ్చేసరికి ఎద్దు రంకె వేసింది, ఆమెకు మెలకువ వచ్చింది. పట్టుబట్టి కళ్లు మూసుకుంటే మళ్లీ ముత్తాతే. చెంచమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఏమయ్యా! ఉన్నన్నాళ్లూ రేపు రేపన్నావు. పోయాక కూడా వంశచరిత్రేనా? అవతల బండ్లు కదులుతున్నాయి. నీళ్లెక్కడ? ఇప్పుడు చెప్పు!"

భైరవయ్య తల వంచుకున్నాడు. "నీ పొయ్యి కిందేనే. మీ అమ్మ తన చేత్తో వేసిన పొయ్యి అది. తవ్వాలంటే నువ్వేడుస్తావని చెప్పలేకపోయాను."

చెంచమ్మ లేచి బండ్లను ఆపించింది. వంటింట్లోకి పోయి, ఎవరినీ తాకనివ్వక, తన పొయ్యిని తానే పలుగుతో పెకలించింది. ఆపై ఊరంతా చేయి వేసి తవ్వగా నల్లని లింగం తగిలింది. దాని పక్కనుండి తియ్యని జల ఉబికింది. జనం కేరింతలు కొడుతుంటే ఆమె గట్టున కూలబడి భోరుమంది. "ఈ మాత్రానికా దాచావు! అడిగితే నేనే పలుగు తెచ్చి ఇచ్చేదాన్ని కదయ్యా! ఊరూరా మంచినీళ్లు చూపించి, నువ్వు ఉప్పునీళ్లు తాగే పోయావు కదయ్యా!" ఇక మీదట ఈ ఊరికి రేపటి దేవుడు వద్దని, లింగానికి నేటేశ్వరుడని ఆమే పేరు పెట్టింది.

ఈ గుడిలో నేటికీ 'రేపు' అనరాదు. భక్తులు తమ వాళ్లకు చెప్పక దాచిన మాటను స్వామి ఎదుటే చెప్పి, ఆ తరువాతనే తీర్థం పుచ్చుకోవాలి. "ఇంటికెళ్లి చెప్పుకుంటాం లెండి" అనే వారికి తీర్థం లేదు. అలిగినా లేదు. అరవై చూడకుండా పోయిన పేరున్న పెద్దల కుటుంబాలు, వైద్యుల ఇంటివారైనా, హరిదాసుల ఇంటివారైనా, ఇక్కడికి వచ్చి ఆ పోయిన వారి పేర నీళ్లు వదులుతారు. చెప్పవలసింది చెప్పకుండా పోయావని తిట్టుకుంటూ మరీ వదులుతారు. అది అపచారం కాదు, ఆచారమే. అలా తిట్టి ఏడ్చిన వారికి మనసు తేలికపడి నిద్ర పడుతుందని పెద్దల మాట.

ప్రతి ఉదయం తోడిన తొలి చెంబు స్వామికి కాదు. దానిని బావి గట్టున పెట్టి, చెంచమ్మ బతికినన్నాళ్లూ పిలిచినట్టే, అవే మాటలతో అర్చకుడు పిలుస్తాడు. "ఏమయ్యా, మంచినీళ్లు పడ్డాయి. వచ్చి తాగు."