కిటికీ ముందు కోడిపిల్లలు

పేరమ్మ పెరట్లో చుక్కలకోడి గుడ్లు పొదిగి లేచిందన్న మాటే గానీ, బూడిదకుప్పలో ఓసారి హాయిగా పొర్లే యోగమే దానికి లేకుండా పోయింది. ఇటు తిరిగితే ఒక పిల్ల, అటు తిరిగితే ఇంకోటి. రెక్క దులుపుకునే తీరికెక్కడిది?

గోడ మీది గండుపిల్లి ఇదంతా చూసింది.

"ఏం వదినా, ఎండుపుల్లలా అయిపోయావు! పిల్లల్ని ఆ కిటికీ కింద పేర్చిన కట్టెల మీదికి ఎక్కించు. లోపల పేరమ్మ టీవీ పెడుతుంది. ఒక్కటి కదిలినా నన్నడుగు."

"మా పిల్లల మీద నీకంత ప్రేమేమిటో!"

"ఇరుగుపొరుగు అన్నాక ఆమాత్రం ఉండదూ?"

కోడి ఎక్కించింది. పిల్లలు నిజంగానే కదల్లేదు. కోడి బూడిదలో పొర్లి పొర్లి, ఒళ్లు తేలికపడి, పిల్లిని మనసులో దీవించింది. రోజూ అదే వరస. పిల్లలు కాస్త ఒళ్లు చేసేదాకా పిల్లి కూడా ఓపిక పట్టింది.

ఒకనాడు కోడి చెదలు చూపించి "కుక్ కుక్" అని పిలిస్తే ఒక్కటీ దిగలేదు. ముక్కు దగ్గరికి తెస్తే నోరు తెరిచి కూర్చున్నాయి.

"గీక్కుని తినండర్రా!"

"గీకడమంటే ఏమిటమ్మా?" అంది బుల్లిది, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

కోడి గోడ మీది పిల్లి వైపు చూసింది.

"పెద్దయితే అవే నేర్చుకుంటాయిలే వదినా" అంది పిల్లి.

సరేలే అనుకుంది కోడి. బూడిద వెచ్చగా ఉంది మరి.

ఆ మధ్యాహ్నమే, పొర్లుతూ తలెత్తేసరికి పిల్లి పొట్ట నేలకానించి కట్టెల వైపు పాకుతోంది.

"క్ర్‌ర్‌ర్! పిల్లి! పరిగెత్తండి!"

"ఉండవే అమ్మా, పాట వినపడటం లేదు!"

బుల్లిది మాత్రం వెనక్కి చూసింది. "పిల్లేగా! టీవీలో రోజూ వస్తుంది, పోతుంది. ఏమీ చెయ్యదు" అని మళ్లీ అటు తిరిగింది.

ఇక పిలిచి లాభం లేదు. కోడి ఒక్క ఊపున కిటికీ గట్టు మీదికెగిరి రెండు రెక్కలూ బార్లా చాచింది. టీవీ బొమ్మ మాయమైంది.

"అడ్డం లేవే!" అని గోలపెడుతూ పిల్లలన్నీ తల్లి మీదికి ఎగబాకాయి. సరిగ్గా అప్పుడే పిల్లి దూకింది. పిల్లలు ఖాళీ చేసిన కట్టెలు దాని కాళ్ల కింద జారాయి. జారి, పిల్లిని తీసుకెళ్లి పక్కనున్న గేదె కుడితితొట్టిలో పడేశాయి.

"కాపలా కాద్దామనే వచ్చాను వదినా" అంది పిల్లి తుమ్ముతూ.

"కాశావులే! ముందు ఆ మీసాల తవుడు నాక్కో."

బుల్లిది కళ్లు విప్పార్చుకు చూసింది. "అమ్మా, ఈ పిల్లి తడిసిందే! కంపు కూడా కొడుతోంది!"

"అది నిజం పిల్లి గనక. దిగండి, నా వెంట నడవండి."

బుల్లిది మొదటిసారి కాలితో గీకింది. మన్నంతా దాని కళ్లలోనే పడింది. రెండోసారి గీకితే వానపాము దొరికింది. దానికోసం పిల్లలన్నీ కొట్టుకుంటుంటే పేరమ్మ టీవీలో ఏం వస్తోందో ఒక్కటీ చూడలేదు.

పసిపిల్లలు కదలకుండా కూర్చున్నారని మురిసిపోకండి. వాళ్లు ఎదిగేది కదిలినప్పుడే.