సకుటుంబ సపరివార సమేతంగా నూకాలు

గడ్డిపాలేనికి కాలేజీ వచ్చింది, ఊరికి ఆదివారం పోయింది. అంతకుముందు ఆదివారమంటే జంతువులన్నీ నీడ చూసుకుని పడుకునేవి. ఇప్పుడు కాలేజీ మైదానంలో ప్రతి వారం ఏదో ఒకటి ఉంటుంది. ఒకసారి బొమ్మల పోటీ, ఒకసారి మొక్కల ప్రదర్శన, ఇంకోసారి తల్లీపిల్లల పాటల కచేరీ. ఇంటిల్లిపాదీ వస్తే పిల్లలు వికసిస్తారట. కోడిపెట్ట తన పిల్లలన్నిటినీ బొమ్మల పోటీకి తోలుకెళ్ళి, అన్నిటికీ ప్రోత్సాహక బహుమతులు తెచ్చుకుని, వారం దాకా పక్కింటి బాతుతో మాట్లాడలేదు. తాబేలు కిందటేడు వేసవి శిబిరానికని బయల్దేరి దసరా ఆటలకి చేరాడు. పెద్ద తేడా ఏం లేదన్నాడు.

ఇవన్నీ జరిపించేది నక్క పైడిరాజు. కుటుంబ వినోద సంఘానికి కార్యదర్శి. సంఘంలో ఇంకెవరైనా ఉన్నారా అని ఎవరూ అడగలేదు. చెమట పట్టే పని ఏదైనా తగిలితే మాత్రం ఆయన నేరుగా గాడిద నూకాలు పాక దగ్గరికి వచ్చేవాడు.

నూకాలు వారమంతా ఇటుకబట్టీలో ఇటుకలు మోస్తుంది. ఆదివారం మైదానంలో పిల్లల్ని మోస్తుంది. దాని పేరు గాడిద సవారీ. ఇటుకలే నయం, కదలకుండా కూర్చుంటాయి. ఎలుగుబంటి పిల్ల ఎక్కగానే చెవులు పట్టుకుని మెలిపెడుతుంది. మేకపిల్ల వీపు మీద కూర్చునే జూలు నములుతుంటే, వాళ్ళమ్మ పక్కన నిలబడి “మావాడికి ఏది పెట్టినా పేచీ లేదండీ” అని మురిసిపోతుంది.

ఆ శనివారం సాయంత్రం నక్క ఆహ్వాన పత్రికల కట్టతో వచ్చాడు. ఊళ్ళో ఏ ఇంటినీ వదలొద్దని ప్రిన్సిపాల్ గుడ్లగూబగారు గట్టిగా చెప్పారు మరి.

“నూకాలప్పా, రేపు దసరా ఆటలు. పొద్దున్నే వచ్చేయ్.”

“రేపు మా పిల్ల గవిరి పరుగుపందెంలో ఉంది తమ్ముడూ. దాని పరుగు నేనెప్పుడూ చూడలేదు. సవారీ మైదానానికి ఆ చివర, పందెం ఈ చివర. రేపు ఒక్కరోజు కూర్చుని చూస్తాను.”

“చూద్దువుగాని, సవారీ అయ్యాక.”

“సవారీ అయ్యేసరికి పందెం అయిపోతుంది.”

“నువ్వేమన్నా బయటిదానివా అప్పా? మనింటి మనిషివి. నువ్వే కాదంటే నేనెవరి దగ్గరికి పోను?”

ఈ ఒక్క మాటతో నక్క ఊళ్ళో ఎన్ని బరువులు ఎత్తించాడో. మనింటి మనిషి అనిపించుకున్నవాళ్ళకి ఆ ఇంట్లో కూర్చునే చోటు మాత్రం ఇంతవరకూ దొరకలేదు. నూకాలుకి వాదించే ఓపిక లేదు. కాదనడానికి కూడా ఒంట్లో కాస్త బలం ఉండాలి. పత్రిక అందుకుని చూసింది.

“ఇది నాకేనా?”

“ఇంటికొకటి. నీదీ ఇల్లే కదా.”

“సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి మా ఆతిథ్యం స్వీకరించ ప్రార్థన. అంటే ఏంటి తమ్ముడూ?”

“అందర్నీ తీసుకుని రమ్మని. వస్తే అతిథులుగా చూసుకుంటామని.”

“అందర్నీ అంటే?”

నక్కకి ఇంకా సగం ఊరు మిగిలి ఉంది. “అందర్నీ అంటే అందర్నీ. ఎవర్నీ వదలకు,” అని నడుస్తూనే చెప్పి వెళ్ళిపోయాడు.

పక్క పాకలో ఎద్దు అప్పలస్వామి నెమరు ఆపాడు. “అలాంటివి చదవకూడదు చెల్లీ. పత్రిక నిండుగా కనబడాలని రాస్తారు. నేనోసారి అది నమ్మి పెళ్ళికి వెళ్ళాను. పందిట్లోంచి తీసుకెళ్ళి బండికి కట్టారు.”

“రాశాడుగా అన్నయ్యా.”

“రాశాడు.”

“అడిగితే నోటితో కూడా చెప్పాడు.”

ఎద్దు మెడ చాచి పత్రికలోకి చూశాడు. “నేను కుటుంబంలోకి రాను. పరివారంలోకి వస్తానా?”

“వస్తావు,” అని నూకాలు లేచి, కుంటుకుంటూ ఇటుకబట్టీ వైపు నడిచింది.

మర్నాడు పొద్దున షామియానా కింద మొదటి వరసలో నూకాలు కూర్చుని ఉంది. పక్కన అప్పలస్వామి. వెనకాల బట్టీలో పనిచేసే గాడిదలన్నీ. పెదనాన్న పిల్లలు, పినతల్లి పిల్లలు, ఏమవుతారో ఎవరికీ తెలియనివాళ్ళు. ఎవరూ గోల చేయలేదు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే కళ్ళు మూసేశారు. అంత బుద్ధిమంతులైన ప్రేక్షకుల్ని ఆ కాలేజీ అంతవరకూ చూడలేదు.

నక్క పరుగెత్తుకుంటూ వచ్చాడు. “ఏంటప్పా ఇది?”

“ఇది కుటుంబం,” అంది నూకాలు. ఎద్దు వైపు ముట్టె తిప్పి, “అది పరివారం.”

“అక్కడ సవారీకి పిల్లలు వరస కట్టారు.”

“పాపం.”

“మనింటి మనిషివి, నువ్వే ఇలా చేస్తే ఎలా?”

“మనింటి మనిషికి పత్రిక ఇవ్వరు తమ్ముడూ. ఇచ్చావు, వచ్చాను. ఉలవలు ఎప్పుడు పెడతారు?”

నక్క వెనక వరసలో ఒక్కొక్కరినీ కదిపి చూశాడు. ఒక్కొక్కరూ ఒక కన్ను తెరిచి, “పిలిచారండీ,” అని మళ్ళీ మూశారు. ఇంతలో వేదిక మీద ప్రిన్సిపాల్‌గారికి మెలకువ వచ్చింది. పగలు మెలకువగా ఉండటం ఆయనకి ఉద్యోగంలో భాగం, అలవాటు కాదు.

“ఎవరయ్యా వీరంతా?”

“అతిథులు సార్,” అన్నాడు నక్క. పత్రికలో ఆయన సంతకమే ఉంది, ఇంకేమంటాడు.

“మన కార్యదర్శి పిలుపందుకుని కష్టజీవులంతా కుటుంబాలతో తరలివచ్చారు,” అని ప్రిన్సిపాల్ మైకులో ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ నక్క వంగి నమస్కారం పెట్టేశాడు. పెట్టాక వెనక్కి తీసుకోవడం కుదరదు.

“మరి సవారీ?” అంది ఎలుగుబంటి తల్లి.

“అతిథుల్ని లేపకండి,” అన్నారు ప్రిన్సిపాల్. తర్వాత నక్కని పైనుంచి కింద దాకా చూశారు. “మీకూ నాలుగు కాళ్ళున్నాయి కదా.”

కాసేపటికి గవిరి వచ్చి తల్లిని ముట్టెతో పొడిచింది. నూకాలు కళ్ళు మూసుకునే, “చూశాను తల్లీ. బాగా పరిగెత్తావు,” అంది.

“ఇంకా ఈల వేయలేదమ్మా.”

అప్పుడు బలవంతాన కళ్ళు తెరిచి, ఈల నుంచి గీత దాకా రెప్ప వేయకుండా చూసింది. గవిరి చివర్నుంచి రెండోది. అదెంత అందంగా పరిగెత్తిందో నూకాలు ఎద్దుకి చెప్పబోయింది. ఎద్దు గురక పెడుతున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే అందరిదీ అదే వరస. సరేనని తనే ఇంకోసారి తలుచుకుంది.

మైదానం ఆ చివర నక్క మొదటి పిల్లని దించి, నడుము పట్టుకుని వరస ఎంతుందో చూశాడు. గేటు దాకా ఉంది. చిట్టచివర ఏనుగు పిల్ల నిలబడి ఉంది. పక్కన వాళ్ళమ్మ, “తొందరేం లేదండీ, మేం సాయంత్రం దాకా ఉంటాం,” అంటోంది.

నీతి: నిలబెట్టుకునే ఉద్దేశం లేని మర్యాదని కాగితం మీద పెట్టకూడదు, చదివేవాళ్ళుంటారు.