ఎలుగమ్మ సత్రంలో రెండో వైఫై

దగ్గరికి జరగండర్రా పిల్లలూ. స్వామికి దణ్ణం పెట్టుకున్నారా? మంచిది. వినండి మరి.

అనగనగా ఒక అడవిలో, కొండమీది స్వామి దగ్గరికి వెళ్ళే దారిలో, ఒక సత్రం. దాన్ని నడిపేది ఎలుగమ్మ. పొద్దున లేస్తే పొయ్యి, వడ్డన, అంట్లు. వంచిన నడుం ఎత్తే తీరిక ఉండేది కాదు. అయినా వచ్చినవాళ్ళలో దేవుణ్ణే చూసుకునేది.

సత్రం వెనకగదిలో గుడ్లు పొదిగే పెట్టె ఒకటుంది. గూడు కూలిన పిట్టలు పాపం, తమ గుడ్లు తెచ్చి అందులో దాచుకునేవి. ఎలుగమ్మ వంటింట్లోంచే, వైఫై మీద, ఫోనులో నొక్కి దాని వేడి పెంచుతూ తగ్గిస్తూ చూసుకునేది. ఇప్పుడు అందులో గోరింకమ్మ గుడ్లు మూడున్నాయి.

సత్రానికి ఉన్నది ఒకటే వైఫై.

కుందేలు వచ్చింది. "పెద్దమ్మా, పాస్‌వర్డ్?" ఎలుగమ్మ చెప్పింది.

నక్క వచ్చింది. "వదినా, కాళ్ళు తర్వాత కడుక్కుంటాలే. ముందు పాస్‌వర్డ్!" చెప్పింది.

కోతి వచ్చింది. అడగకముందే చెప్పేసింది.

సత్రంలో నీళ్ళు మోసే ముంగిసకి ఇది నచ్చలేదు. "అక్కా, అతిథులకి వేరే వైఫై పెట్టు. దాంట్లోంచి బయటి ఇంటర్నెట్‌కే దారి. మన పెట్టె వాళ్ళకి కనపడదు. ఒకరి ఫోను ఇంకొకరికీ కనపడదు. కాస్త కూర్చుంటే అయిపోతుంది."

"కూర్చోవడమా? నేనా?" ఎలుగమ్మ నీరసంగా నవ్వింది. "అయినా భోజనాల్లోనే పంక్తిభేదం చెయ్యనిదాన్ని, వైఫైలో చేస్తానట్రా? పాపం తగలదూ!"

"పంక్తిలో కూర్చోబెట్టడం వేరు, వంటింట్లోకి తోలుకురావడం వేరు అక్కా."

"సరేలే, రేపు చూద్దాం."

ఆ మధ్యాహ్నం వాన పట్టుకుంది. కోతికి భజన పాట గట్టిగా వినాలనిపించింది. ఫోనులో వెతికితే ఏదో పెట్టె పేరు కనపడింది. "స్పీకరు కాబోలు!" అని నొక్కింది. పాట రాలేదు. మళ్ళీ నొక్కి, విసుగొచ్చి పడుకుంది. ఆ నొక్కుళ్ళకి వెనకగదిలో గుడ్ల పెట్టెలో వేడి ఆగిపోయింది. ఎలుగమ్మ అంట్ల దగ్గరే ఉంది. ఫోను చూసుకునే ఓపిక లేదు.

సాయంత్రం గోరింకమ్మ వచ్చి గుడ్లు ముట్టుకుంది.

"ఎలుగమ్మా! నా బిడ్డలు చల్లబడిపోయారు!"

ఎలుగమ్మ పరుగెత్తింది. గుడ్లని తన బొచ్చులో పొదువుకుంది. "స్వామీ, స్వామీ" అనుకుంటూ, పెట్టె మళ్ళీ వేడెక్కేదాకా కదల్లేదు.

"స్పీకరనుకున్నా పెద్దమ్మా!" కోతి ఏడ్చేసింది.

"నీ తప్పు కాదు నాయనా. నీ చేతికి అందేలా పెట్టింది నేను."

అప్పుడు కూర్చుంది ఎలుగమ్మ. ముంగిస చెబుతుంటే 'అతిథి' అని రెండో వైఫై పెట్టింది. ఇంటి సామాను అందులో కనపడకుండా చేసింది. ఇంటి వైఫైకి పాస్‌వర్డ్ మార్చింది. కోతి ఫోనులో చూశారు. పాట వస్తోంది, పెట్టె కనపడటం లేదు.

మర్నాడు సత్రానికి వచ్చిన ఏనుగు బాబాయి మొహం ముడుచుకున్నాడు. "మాకు వేరే వైఫైయా? పరాయివాళ్ళం అయిపోయామా అమ్మా?"

"కోపం తెచ్చుకోకు బాబాయ్. నీ పాటలూ నీ కబుర్లూ అన్నీ వస్తాయి. ఇంకో ముద్ద వెయ్యనా?" అంది ఎలుగమ్మ.

కొన్నాళ్ళకి, స్వామి దయవల్ల, రెండు గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చాయి. మూడోది కదల్లేదు. గోరింకమ్మ దాని దగ్గర చాలాసేపు కూర్చుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నా, ఎలుగమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది.

నీతి: వచ్చినవారికి వాకిలి తెరవండి, మనల్ని నమ్మి అప్పగించినదాని గదికి మాత్రం ముందే తలుపు వేయండి.