గవరయ్యగారి అడుగుల పాఠం

గవరయ్య ఇంట్లో ఆయన, కొడుకు నూకరాజు, కోడలు పైడమ్మ, ఏడాది దాటిన మనవడు బుడ్డోడు. "ఈ ఊరి తెలివంతా కుప్ప పోస్తే ముప్పాతిక మా ఇంట్లోనే ఉంటుంది" అనేవాడు గవరయ్య. మిగతా పాతికా బుడ్డోడు పెద్దయ్యాక వస్తుందని ఆయన ధీమా.

అలాంటి ఇంట పుట్టి కూడా బుడ్డోడు గోడ పట్టుకు నిలబడతాడే గానీ అడుగెయ్యడు. పైడమ్మ తల్లి సన్యాసమ్మ కబురంపింది: "ఆదివారం అరిసెలు పట్టుకొస్తున్నా. వాటిమీద నా మనవడు అడుగులెయ్యాలి. వెయ్యలేదో, తీసుకుపోయి నేనే నడక నేర్పుతా." గవరయ్యకి గుండె జారిపోయింది. మనవడు పక్కన లేకపోతే ఆయనకి ముద్ద దిగదు మరి.

పరుగున అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గరికి పోయాడు. "పిల్లలు ఏం చూస్తే అదే చేస్తారు తాతా. మీరు చేసి చూపించండి, చాలు" అందావిడ.

ఇంకేముంది! "ఒక్కసారే నడిచేస్తే పసివాడికేం తెలుస్తుంది? మొదట్నుంచీ చూపించాలి" అని గవరయ్య పాకడం మొదలెట్టాడు. వెనకాల నూకరాజు, ఆ వెనకాల పైడమ్మ. గోడ పట్టుకు నిలబడ్డ బుడ్డోడు వీళ్ళని చూసి, చటుక్కున కూలబడి పాకాడు.

"నేర్చేసుకుంటున్నాడు మావయ్యా!" అని మురిసిపోయింది పైడమ్మ.

తర్వాతి పాఠం పడడం. పడకుండా నడక వచ్చినవాడెవడు? గవరయ్య లేచి దబ్బున పడి, "అబ్బా, నా నడుమో!" అన్నాడు. బుడ్డోడూ దబ్బున పడి, నడుం పట్టుకుని, "అబ్బా" అన్నాడు. వాడి నోట మొదటి మాట అదే. ఇల్లంతా చప్పట్లు! ఇక ఆదివారం దాకా ఇదే చదువు. పొయ్యి దగ్గరికీ పాకడమే, గేదెకి గడ్డెయ్యడానికీ పాకడమే.

ఆదివారం సన్యాసమ్మ అరిసెల బుట్టతో చక్కగా నడిచి వచ్చింది. బుడ్డోడు ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. ఇలా కూడా పోవచ్చా అనుకున్నాడో ఏమో, లేచి రెండడుగులేశాడు!

సన్యాసమ్మ పొంగిపోయి గబగబా అరిసెలు వరసగా పరిచింది. "రా నాయనా, వీటిమీద..."

"ఆగు చెల్లెమ్మా! చూపించకుండా వాడికెలా తెలుస్తుంది?" అన్నాడు గవరయ్య.

అంతే. ముగ్గురూ అరిసెలమీద పాకేశారు. ఒక్కటంటే ఒక్కటి నలగకుండా మిగల్లేదు. బుడ్డోడు కూలబడి ఆ పిండిలోనే పాకి, నడుం పట్టుకుని "అబ్బా" అన్నాడు.

"ఇక్కడుంటే వీడు పెళ్ళిపీటలమీదికీ పాకుతూనే పోతాడు" అని సన్యాసమ్మ మనవణ్ణి ఎత్తుకుని వీధిలోకి నడిచింది. అక్కడ దించి వేలందించింది. బుడ్డోడు తప్పటడుగులేసుకుంటూ ఆటో దాకా పోయాడు.

గవరయ్య బావురుమన్నాడు. "ఒరే నూకరాజూ, పోవడం వచ్చేసింది గానీ, తిరిగి రావడం మనం వాడికి చూపించనేలేదురా!"

ఇంకేముంది! ముగ్గురూ వీధిలోకి పరిగెత్తి, గడప దాటి ఇంట్లోకి వచ్చారు. మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ వచ్చారు. "చూడరా నాన్నా, ఇలా రావాలి!" అని గవరయ్య గొంతు చించుకున్నాడు.

బుడ్డోడి ఆటో ఎప్పుడో మలుపు తిరిగిపోయింది. పొద్దుగూకినా ఆ ముగ్గురూ ఇంకా ఇంట్లోకి వస్తూనే ఉన్నారు.