కుట్లు విప్పిన నవల

నాలుగో తరగతి పిల్లలకు ఒక నవలను పరిచయం చేసి వచ్చిన నీలవేణి మొహం వాడిపోయి ఉంది. బడి వెనక గదిలో ఖాజా మాస్టారు చిరిగిన లైబ్రరీ పుస్తకాలకు కుట్లు వేస్తున్నారు. ఒకప్పుడు ఆమెకు అక్షరాలు దిద్దించింది ఆయనే. రిటైరైనా ఈ పని కోసం రోజూ వస్తారు.

"రచయిత గొప్పతనం చెప్పాను మాస్టారూ. కథలోని నీతులన్నీ బోర్డు మీద రాశాను. అంతా విని, 'ఇది పరీక్షలో వస్తుందా టీచర్?' అన్నారు."

మాస్టారు నవ్వు ఆపుకున్నారు. "పుస్తకం వాళ్ల చేతికిచ్చావా?"

"అమ్మో! ఉన్నది ఒక్క కాపీ. నా తొమ్మిదో ఏట మీరిచ్చిందే. ఇన్నేళ్లలో ఒక్క మడత పడనివ్వలేదు."

"ఏదీ, ఇలా ఇవ్వు."

ఇచ్చింది. తప్పిపోయిన ఏనుగుపిల్లను వెతుక్కుంటూ నది వెంట నడిచిన అక్కచెల్లెళ్ల కథ అది. మాస్టారు అట్ట ఊడదీసి, పుస్తకం వీపు మీది దారాలను బ్లేడుతో కోసేశారు. "మాస్టారూ!" అని నీలవేణి కేక పెట్టేలోపే పుస్తకం తొమ్మిది ముక్కలైంది.

పదహారేసి పేజీల ఆ కట్టలు తీసుకుని ఆయన తరగతిలోకి నడిచారు. ఇరవై ఏడుగురు పిల్లలు. ముగ్గురికో కట్ట. ఒక్క మాటా చెప్పకుండా పంచి, వెనక బల్ల మీద కూర్చున్నారు. వెంట వచ్చిన నీలవేణి ఆయన పక్కన కూర్చుంది.

కాసేపు గుసగుసలు. ఆఖరిది తప్ప ఏ కట్టా ప్రకరణంతో ముగియలేదు. వాక్యం మధ్యలోనే తెగింది.

"చెల్లెలు వెనక్కి తిరిగి చూసిందంట. ఏం చూసిందిరా? పేజీ అయిపోయింది!"

"నలభై తొమ్మిదో పేజీ ఎవరి దగ్గరుంది?"

"మా దగ్గర. ముందు మీది ఇవ్వండి."

"ఒరేయ్ పిసినారీ, ఏముందో చెప్పరా!"

"చెప్పను పో."

బెల్లు కొట్టారు. ఎవరూ కదల్లేదు. ఒకడు వేలు నాలుకకు తడి చేసుకుని పేజీ తిప్పుతుంటే నీలవేణి చెయ్యి గబుక్కున లేచింది. మళ్లీ దానంతటదే ఒళ్లో వాలింది.

యశస్వి అనే పిల్ల ఆమె దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "టీచర్, మీకు కథంతా తెలుసు కదా! ఏనుగుపిల్ల బతికే ఉందా? అదొక్కటీ చెప్పండి."

నీలవేణి నోరు తెరిచింది. మాస్టారి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"ఆఖరి కట్ట కుసుమ దగ్గరుందే," అంది. "పోయి దాన్ని బతిమాలుకో."